విప్పి చూసే పిల్లలు, కారు పని: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్నప్పుడు గడియారాలు, బొమ్మలు, సైకిళ్లు విప్పిన చేతులే చాలావరకు పెద్దయ్యాక బానెట్ ఎత్తుతాయి. కార్ల రిపేరు షెడ్డుకు వచ్చే తల్లిదండ్రులు, పదో తరగతి అయిపోయిన కుర్రాళ్లు, ఉద్యోగం చేసుకుంటూనే కార్ల పని నేర్చుకోవాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలివి. నాకు తెలిసినంతలో జవాబులు రాశాను.

మా బాబుకు ఎనిమిదేళ్లు. రిమోట్, టార్చిలైటు, బొమ్మ కారు, ఏది దొరికితే అది విప్పేస్తాడు. ఆపాలా?

ఆపకండి. ఒక్క షరతు మాత్రం పెట్టండి: విప్పింది వాడే బిగించాలి. బిగించాక అది పనిచేయకపోయినా ఫర్వాలేదు, చేతిలో ఒక్క స్క్రూ కూడా మిగలకూడదు.

విప్పడం ఎవరైనా విప్పుతారు. తిరిగి బిగించేటప్పుడే ఏది ఎక్కడిది, ఏది ముందు, ఏది తర్వాత అని బుర్ర పనిచేస్తుంది. ఒక స్టీలు పళ్లెం ఇచ్చి, తీసిన స్క్రూలను తీసిన వరసలోనే పెట్టమనండి. కాగితం మీద బొమ్మ గీసుకోమనండి. ఫోన్లో ఫొటో తీసుకుంటే సులువే గానీ, పిల్లల విషయంలో బొమ్మ గీయించడమే మేలని నా అభిప్రాయం. గీయాలంటే ముందు సరిగ్గా చూడాలి కదా.

రిమోట్‌లో పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగు స్క్రూ బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. ఇంజన్‌లోనూ అంతే. వాటర్ పంపుకో, టైమింగ్ కవరుకో ఉండే బోల్టులన్నీ ఒకే పొడుగు ఉండవు. పొడుగు బోల్టును పొట్టి రంధ్రంలో పెడితే అడుగు తగిలి ఆగిపోతుంది. బిగిసిందనుకుంటాం, కవరు మాత్రం వదులుగానే ఉండి నీళ్లో ఆయిలో కారుతుంది. ఇంకాస్త బలం పెడితే అల్యూమినియం బాడీ చిట్లి, చిన్న పని కాస్తా పెద్ద ఖర్చవుతుంది. స్క్రూలను వరసగా పెట్టుకోవడం ఎనిమిదేళ్లప్పుడే అలవాటైతే ఇరవై ఏళ్లప్పుడు అది గుర్తు చేయాల్సిన పని ఉండదు.

ఇంట్లో ఏవి అస్సలు ముట్టుకోనివ్వకూడదు?

మైక్రోవేవ్ ఓవెన్, పాత డబ్బా టీవీ, ఇన్వర్టర్. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా వీటి లోపల కరెంటు నిలవ ఉంటుంది. మైక్రోవేవ్‌లోని కెపాసిటర్ వేల వోల్టులతో పనిచేస్తుంది, ప్రాణమే పోవచ్చు. సెల్‌ఫోన్, పవర్‌బ్యాంకుల్లోని లిథియం బ్యాటరీని స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే మంట లేస్తుంది. పెట్రోలుతో ఏ ప్రయోగమూ వద్దు. గోడ ప్లగ్గుకు పెట్టే వస్తువేదైనా పెద్దవాళ్లు పక్కన లేకుండా విప్పనివ్వద్దు. సెల్లులతో నడిచేవి చాలు, నేర్చుకోవాల్సింది వాటిలోనే బోలెడు.

బొమ్మ కారుకూ అసలు కారు పనికీ నిజంగా సంబంధం ఉందా?

చాలా దగ్గరి సంబంధం. బొమ్మ కారులోని చిన్న మోటారును విప్పించి చూడండి. వెనక వైపు రెండు రేకు నాలుకలుంటాయి. స్క్రూడ్రైవర్ కొనతో వాటిని పైకి లేపితే ప్లాస్టిక్ మూత ఊడొస్తుంది. లోపల డబ్బా గోడలకు అతుక్కుని రెండు వంపు అయస్కాంతాలు, మధ్యలో ఇరుసు, దాని చుట్టూ మూడు చుట్టలుగా సన్నటి రాగితీగ. ఇరుసు చివర మూడు ముక్కలుగా చీలిన రాగి రింగు ఉంటుంది, అది కమ్యుటేటర్. మూతకున్న రెండు సన్నటి రేకులు ఆ రింగును రాసుకుంటూ ఉంటాయి, అవి బ్రష్‌లు. సెల్లులోని కరెంటు బ్రష్ మీదుగా రింగుకు, రింగు నుంచి తీగచుట్టకు పోతుంది. చుట్ట అయస్కాంతంగా మారి, గోడకున్న అయస్కాంతం లాగడంతో తిరుగుతుంది. తిరిగేకొద్దీ బ్రష్ కింద రింగు ముక్క మారుతుంది, చుట్టలో కరెంటు దిశ మారుతుంది, కాబట్టి ఎక్కడా ఆగదు.

కారు ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు విప్పితే కనబడేదీ ఇదే ఏర్పాటు. బ్రష్‌లు రేకులుగా కాకుండా దిమ్మల్లా ఉంటాయి, చాలా వాటిలో నాలుగుంటాయి, కరెంటు వంద ఆంపియర్లు దాటుతుంది. ఆ బ్రష్‌లు అరిగితే సెల్ఫ్ ఒకసారి పట్టి, ఇంకోసారి పట్టక సతాయిస్తుంది. మోటారు మీద మెల్లగా తడితే ఒక్కోసారి స్టార్టవుతుంది కూడా. బొమ్మ మోటారులో రేకు వంగిపోయి తిరగకపోవడం చూసిన పిల్లకు ఈ విషయం ఇట్టే అర్థమవుతుంది. వైపర్ మోటారు, కిటికీ అద్దాలు ఎత్తే మోటారు కూడా ఈ జాతివే.

సైకిల్ పనిచేస్తే ఏమొస్తుంది?

చేతికి బిగువు తెలుస్తుంది. కారు పనికి ఇంతకన్నా మంచి పునాది నాకు తెలియదు.

సైకిల్ ముందు చక్రం ఇరుసు విప్పితే రెండు పక్కలా కోనులు, వాటి వెనక గుండ్లు ఉంటాయి. మామూలు సైకిల్‌కు పక్కకు పది. పాత గ్రీజు కిరోసిన్‌తో కడిగి, కప్పులో కొత్త గ్రీజు పెట్టి, గుండ్లను అందులో ఒక్కొక్కటిగా అంటించి కోను తిప్పుతాం. బాగా బిగిస్తే చక్రం బరువుగా తిరుగుతుంది, వేళ్లకు గరుకు తగులుతుంది. వదులుగా ఉంచితే రిమ్ము పట్టుకుని ఊపినప్పుడు టకటక ఆడుతుంది. ఆట పోయేదాకా బిగించి, చక్రం హాయిగా తిరిగేలా ఒక పిసరు వెనక్కి తిప్పి, ఆ కోను కదలకుండా పానాతో పట్టుకుని పైనున్న నట్టు బిగించాలి. ఆఖరి నట్టు బిగించేటప్పుడు కోను మళ్లీ కదులుతుంది, మళ్లీ చూసుకోవాలి. పిల్లలకు విసుగొచ్చేది ఇక్కడే, పని వచ్చేదీ ఇక్కడే.

అంబాసిడర్ లాంటి పాత కార్ల ముందు చక్రాల బేరింగులు ఈ పద్ధతిలోనే సర్దేవాళ్లు. లారీల్లో ఇప్పటికీ సర్దుతారు. కొత్త కార్లలో బేరింగు ఒకే ముక్కగా వస్తుంది, సర్దేదేమీ ఉండదు. అయినా జాకీ ఎక్కించి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి, ఆట బేరింగుదా, బాల్ జాయింటుదా (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే గుండు కీలు) అని చెప్పాలంటే ఈ స్పర్శే కావాలి.

బడిలో ఇలాంటివి నేర్పే ఏర్పాటు ఏమైనా ఉందా?

కొన్ని బళ్లలో ఉంది. నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్, 6 నుంచి 12వ తరగతి పిల్లల కోసం అటల్ టింకరింగ్ ల్యాబ్‌లకు డబ్బిస్తుంది. ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా సాయం. సెన్సర్లు, మైక్రోకంట్రోలర్ బోర్డులు, త్రీడీ ప్రింటర్, చేతి పనిముట్లు ఉంటాయి. మీ బడిలో ల్యాబ్ ఉండి తాళం వేసి ఉంటే మాత్రం హెడ్మాస్టరుగారిని కలిసి తెరిపించండి. పిల్లలు ముట్టుకోని పనిముట్టు తుప్పు పట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ల్యాబ్ లేకపోతే హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి ఒక్కసారి తీసుకెళ్లండి. చిన్న మోటార్లు, స్విచ్చులు, తీగలు, సోల్డరింగ్ సామాను తక్కువ ధరలో దొరుకుతాయి. వాడికి అదొక పండగ.

ఇలా మొదలుపెట్టి పైకొచ్చినవాళ్లున్నారా?

ఉన్నారు. మనకు దగ్గరివాడు జి.డి. నాయుడు. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో, తమిళనాడులో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టారు. చదువు మీద మనసు నిలవలేదు. ఒక ఇంగ్లీషు అధికారి మోటార్ సైకిల్ చూసి మతిపోయి, కోయంబత్తూరులో హోటల్లో సర్వరుగా చేరి డబ్బు కూడబెట్టి ఆ బండినే కొన్నారు. తొక్కడంతో ఆగలేదు. మొత్తం విప్పి మళ్లీ బిగించి, అలా పని నేర్చుకున్నారు. 1920లో ఒక్క బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య నడిపారు. అదే తర్వాత యూఎంఎస్ అనే పెద్ద బస్సు సంస్థ అయింది. 1937లో కోయంబత్తూరులో దేశీయ ఎలక్ట్రిక్ మోటారు తయారీ వెనక కూడా ఆయనున్నారు.

జపాన్‌లో సోయిచిరో హోండా 1906లో ఒక కమ్మరి ఇంట పుట్టాడు. తండ్రి కొలిమి పనితో పాటు సైకిళ్లు బాగుచేసేవాడు. హోండా 1922లో టోక్యోలో ఆర్ట్ షోకై అనే కార్ల రిపేరు షాపులో చేరాడు. మొదట్లో వాళ్లు అతని చేత చేయించింది యజమాని పసిబిడ్డను ఎత్తుకుని ఆడించడం, షాపు ఊడవడం. బండి మీద చేయి వేయనివ్వడానికి నెలలు పట్టింది. ఈ సంగతి మన షెడ్లలో కొత్తగా చేరిన పిల్లలకు తప్పకుండా చెప్తాను. హెన్రీ ఫోర్డ్ కుర్రతనంలో ఇరుగుపొరుగువాళ్ల గడియారాలు బాగుచేసేవాడు.

వీళ్లలో ఎవరూ కారుతో మొదలుపెట్టలేదు. చేతికి అందినదాన్ని పట్టుకుని, దాని అంతు చూసేదాకా వదల్లేదు.

మా అమ్మాయికి ఇష్టం. ఇది ఆడపిల్లల పనేనా అంటున్నారు బంధువులు.

కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు దరఖాస్తు పెట్టింది 1886 జనవరిలో. దాన్ని నిజంగా దూరం నడిపి, నడుస్తుందని లోకానికి చూపించింది ఆయన భార్య బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా, వంద కిలోమీటర్లకు పైగా వెళ్లారు. దారిలో ఇంధనం గొట్టంలో నలక అడ్డుపడితే టోపీ పిన్నుతో తీశారు. వీస్‌లోహ్ ఊళ్లో మందుల షాపులో లిగ్రోయిన్ అనే పెట్రోలు లాంటి ద్రవం కొని పోసుకున్నారు. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించారు. కారులో చేసిన మొదటి దూర ప్రయాణంలో రోడ్డు సైడ్ రిపేర్లు చేసింది ఒక ఆడమనిషి. బంధువులకు ఈ ముక్క చెప్పండి.

పనికి బలం కావాలంటారు. గేర్‌బాక్సు దింపడానికి ఈ రోజుల్లో ట్రాన్స్‌మిషన్ జాక్ ఉంటుంది, మగవాళ్లూ చేతులతో మోయకూడదు. బిగిసిన నట్టు విప్పేటప్పుడు పానాకు పొడుగు పైపు తొడిగితే సగం బలం చాలు. నిజంగా అడగాల్సింది షెడ్డులో ఆడపిల్లకు బట్టలు మార్చుకునే గది, బాత్రూమ్ ఉన్నాయా అని. లేని చోట చేర్పించకండి.

పదో తరగతి అయింది. ఎటు వెళ్లాలి?

చేతి పనే ఇష్టమైతే ఐటీఐ. మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు రెండేళ్లు, డీజిల్ మెకానిక్ ఒక ఏడాది. ఇప్పుడు ఎలక్ట్రిక్ వెహికల్ మెకానిక్ ట్రేడు కూడా వచ్చింది. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ మానొద్దు. 1961 అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్ ఇస్తూ పని నేర్పాలి. మన రెండు రాష్ట్రాల ఆర్టీసీలు డిపోల్లో అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. రోజూ వందల కిలోమీటర్లు తిరిగే బస్సులు రాత్రికి డిపోకొచ్చి తెల్లారేసరికి మళ్లీ రోడ్డెక్కాలి. పని నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం.

లెక్కలు, డ్రాయింగు కూడా ఇష్టమైతే పాలిసెట్ రాసి ఆటోమొబైల్ ఇంజనీరింగ్ డిప్లొమా, మూడేళ్లు. ఆ తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. డిప్లొమా చేసి బీటెక్‌కు వచ్చినవాళ్లకు చేతి పని ముందే తెలుసు కాబట్టి, ఇంటర్ మీదుగా వచ్చినవాళ్లకన్నా వర్క్‌షాపులో తడుముకోవడం తక్కువ. బీటెక్‌లో చేరాక కాలేజీ జట్టుతో బాహా ఎస్ఏఈ ఇండియా లాంటి పోటీకి బండి తయారుచేసే అవకాశం వస్తే వదులుకోవద్దు. పైపులు వంచి, వెల్డింగ్ చేసి, సస్పెన్షన్ అమర్చి, మనమే కట్టిన బండిని గుంతల్లో దూకించి చూపించాలి. ఎన్ని సెమిస్టర్లు చదివినా ఆ చదువు రాదు.

చదువు ఎక్కట్లేదు, బడి మానిపించి షెడ్డులో పెట్టేద్దామంటున్నారు ఇంట్లో.

వద్దు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, టీ తెచ్చే కుర్రాడిగా చేరిన పిల్లాడికి పని నేర్పాలన్న ఆలోచన చాలా షెడ్లలో ఎవరికీ ఉండదు. వాడు పదేళ్లు అక్కడే ఉన్నా మాన్యువల్‌లో ఒక పేజీ చదవలేడు. ఇప్పటి కార్లలో వైరింగ్ డయాగ్రమ్ చదవలేని మెకానిక్‌కు సగం పనులు చేతికి రావు. పదో తరగతి దాకా చదివించండి. సెలవుల్లో తెలిసినవాళ్ల షెడ్డుకు తీసుకెళ్లి, మీరూ పక్కనే కూర్చుని చూపించండి.

పనిలో పనిగా ఇంకోటి. కుర్రాడికి బండ్లంటే ప్రాణం కదా అని తాళాలు ఇవ్వొద్దు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మైనరు బండి నడిపి నేరం చేస్తే బండి యజమానికి, సంరక్షకులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు.

పార్టులు మార్చేవాడికీ మంచి మెకానిక్‌కూ తేడా ఏమిటి?

నేను ఎక్కువ ఇష్టంగా జవాబు చెప్పే ప్రశ్న ఇదే. చిన్నప్పుడు "ఇది ఎందుకు తిరుగుతోంది?" అని విప్పి చూసిన గుణం అసలు పనికొచ్చేది ఇక్కడ.

తాళం తిప్పితే టక్ మంటోంది, సెల్ఫ్ తిరగట్లేదు. పార్టులు మార్చేవాడు బ్యాటరీ మారుస్తాడు. అదే టక్. సెల్ఫ్ మోటారు మారుస్తాడు. అయినా అదే టక్. ఈపాటికి వేలు వదిలాయి.

వోల్టేజి కొలిచే మల్టీమీటర్ ఉన్నవాడు ఇలా వెళ్తాడు. ముందు బ్యాటరీ మీద చూస్తాడు: 12.6 వోల్టులు, ఫుల్ చార్జి. తాళం తిప్పిస్తూ మళ్లీ చూస్తాడు. బ్యాటరీ నీరసంగా ఉంటే వోల్టేజి తొమ్మిది కిందికి జారిపోవాలి. ఇక్కడ 12 దగ్గరే నిలబడింది. అంటే బ్యాటరీ ఇవ్వడానికి సిద్ధంగా ఉంది, కరెంటుకే దారి లేదు. ఎక్కడ ఆగింది? మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొన ఇంజన్ బ్లాకు మీద పెట్టి మళ్లీ తాళం తిప్పిస్తాడు. ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి, బాగుంటే అక్కడ అర వోల్టు కూడా చూపించకూడదు. నాలుగైదు వోల్టులు చూపించింది. బ్యాటరీ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజన్‌కు వెళ్లే ఎర్త్ పట్టీ దగ్గర బోల్టు కింద తుప్పు పట్టింది. బోల్టు తీసి, గరుకు కాగితంతో రుద్ది, బిగిస్తే బండి ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. పార్టుల ఖర్చు దాదాపు సున్నా.

ఇంకో సంగతి. పాత మారుతి 800 మూడు సిలిండర్ల ఇంజన్ మిస్సింగ్ కొడుతూ ఊగిపోతోందనుకోండి. ఇన్సులేషన్ ఉన్న ప్లయరుతో స్పార్క్ ప్లగ్గు తీగలు ఒక్కొక్కటే క్షణం పాటు లాగి చూస్తారు. లాగగానే ఇంజన్ ఇంకా ఊగితే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు. లాగినా తేడా రాకపోతే చచ్చిపోయిన సిలిండరు అదే. అప్పుడు దాని ప్లగ్గును పక్క సిలిండరు ప్లగ్గుతో మార్చి వేస్తారు. లోపం ప్లగ్గుతో పాటు పక్కకు వెళ్తే ప్లగ్గుదే తప్పు. వెళ్లకపోతే తీగ చూడాలి, ఆ తర్వాత కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి). విప్పిన ప్లగ్గు రంగు కూడా మాట్లాడుతుంది. లేత గోధుమ రంగైతే బాగున్నట్టు, పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు, ఆయిల్ తడి ఉంటే పిస్టన్ రింగులు గానీ వాల్వు సీళ్లు గానీ పోయినట్టు. కొత్త కార్లలో తీగలు లాగకూడదు, ప్లగ్గు మీదే కాయిల్ ఉంటుంది. కంపెనీ చెప్పిన పద్ధతిలో స్కానర్‌తో, అంటే కారు కంప్యూటరులోని లోపాల కోడులు చదివే పరికరంతో, చూడాలి.

ఒకసారికి ఒక్కటే మార్చి, ఏమైందో చూడడం. రెండు ఒకేసారి మార్చిన రోజు బండి బాగుపడొచ్చు గానీ, ఏది బాగుచేసిందో తెలియదు.

స్కానర్ పెడితే లోపం అదే చెప్తుంది కదా, ఇంకా ఇవన్నీ ఎందుకు?

స్కానర్ ఎక్కడ వెతకాలో చెప్తుంది. పి 0171 అని కోడు వచ్చిందంటే గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అవుతోందని అర్థం. ఆ కోడు చూసి చాలామంది ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. సెన్సర్ పాపం నిజమే చెప్తోంది. ఇన్‌టేక్ వైపు ఏదో రబ్బరు గొట్టం పగిలి దొంగగాలి పోతుండొచ్చు, ఫ్యూయల్ పంపు ప్రెజర్ తగ్గి ఉండొచ్చు. అది చెవితో, చేతితో, మీటరుతో తేల్చాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక బండ్లలో సెన్సర్లు బాగా పెరిగాయి, కాబట్టి స్కానర్ చదవడం రావాల్సిందే. రెండూ కావాలి.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చేస్తున్నాయి. ఇప్పుడు ఈ పని నేర్చుకోవడం దండగ కాదా?

దండగ కాదు. ఎలక్ట్రిక్ కారుకూ బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షన్ బుష్‌లు, బేరింగులు, ఏసీ, 12 వోల్టుల బ్యాటరీ ఉంటాయి. మన రోడ్ల మీద ముందు పోయేవి అవే. ప్లగ్గులు, ఇంజన్ ఆయిలు, క్లచ్ ప్లేట్లు పోయాయి, నిజమే. బొమ్మ మోటారు విప్పిన పిల్లకు ఈ కాలం ఇంకా అనుకూలం.

ఒక్క హెచ్చరిక. నారింజ రంగు కేబుల్ కనబడితే అది హై వోల్టేజి, వందల వోల్టులుంటుంది. శిక్షణ తీసుకోకుండా దాన్ని ముట్టుకోవద్దు. శిక్షణ ఉన్నవాళ్లు కూడా వెయ్యి వోల్టులకు తట్టుకునే రబ్బరు గ్లవ్స్ వేసుకుని, హై వోల్టేజి దారిని తెంచే సర్వీస్ ప్లగ్గు తీసి, కంపెనీ చెప్పినంత సేపు ఆగి, వోల్టేజి లేదని మీటరుతో చూసుకున్నాకే పని మొదలుపెడతారు.

మొదట ఏ పనిముట్లు కొనాలి?

కొన్నే కొనండి, మంచివి కొనండి. మెత్తటి ఇనుముతో చేసిన చవక పానా నట్టు మూలలు తినేస్తుంది, అప్పుడు నట్టు విప్పడానికి ఉలి, సుత్తి కావాల్సి వస్తుంది. టపారియా లాంటి దేశీ కంపెనీ రింగ్ పానాల సెట్టు ఒకటి, ఫిక్స్ పానాలు, రెండు స్టార్ స్క్రూడ్రైవర్లు, రెండు ఫ్లాట్‌వి, కటింగ్ ప్లయరు, మల్టీమీటర్. మారుతి, హ్యుందాయ్ లాంటి చిన్న కార్లలో ఎక్కువగా చేతికొచ్చేవి 10, 12, 14, 17 సైజులు. చక్రం నట్లకు 19 లేదా 21. బిగిసిన నట్టుకు ఎప్పుడూ రింగ్ పానానే వాడాలి, ఫిక్స్ పానా జారి వేళ్లు గోడకు కొట్టుకుంటాయి. కొన్నాళ్లయ్యాక ర్యాచెట్, సాకెట్లు, ఆ తర్వాత టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా). సిలిండర్ హెడ్ బోల్టులు చేతి అంచనాతో బిగించే షెడ్డులో పని నేర్చుకోవద్దని గట్టిగా చెప్తాను.

ఇంట్లో సొంతంగా చేసేటప్పుడు ఏం జాగ్రత్తలు?

జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కిందికి తల పెట్టొద్దు. ఒక్క నిమిషం కూడా వద్దు. జాకీ బండిని ఎత్తడానికే, మోయడానికి స్టాండ్లు వేయాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెడితే బరువుకు ఉన్నట్టుండి పగులుతాయి. నేల చదునుగా ఉండాలి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా రాళ్లు వేయాలి.

ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దు. ప్రెజర్ వల్ల లోపలి నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత తీయగానే ఒక్కసారిగా మొహం మీదికి పొంగుతాయి. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్ తీయాలి. బిగించేటప్పుడు అది ఆఖరున. అలా చేస్తే పాజిటివ్ విప్పుతుండగా పానా బాడీకి తగిలినా ఏమీ కాదు. ఉంగరం, కడియం, వాచీ తీసి పక్కన పెట్టండి. బ్రేకు దుమ్మును నోటితో ఊదొద్దు.

బండికి మోడిఫికేషన్లు చేయడం నేర్చుకుంటే మంచిదేనా?

సైలెన్సర్ కోసి శబ్దం పెంచడాన్ని నేను పని కింద లెక్కపెట్టను. చట్టం కూడా ఒప్పుకోదు. రిజిస్ట్రేషన్ పత్రంలోని కంపెనీ స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. 2019లో సుప్రీంకోర్టు ఆ మాటే ఖరారు చేసింది. సీఎన్జీ కిట్ లాంటివి ఆర్టీఓ అనుమతితో పెట్టించుకోవచ్చు. చేయి దురద పెడితే పాత బండిని కంపెనీ నుంచి వచ్చిన రోజున ఉన్నట్టు తయారుచేయండి. అది చాలా కష్టమైన పని, చాలా నేర్పుతుంది.

మేము అమెరికాలో ఉంటాం. పిల్లలకు ఇక్కడ ఎలా నేర్పాలి?

అక్కడ లేబర్ చార్జీలు ఎక్కువ కాబట్టి ఇంటి దగ్గర సొంతంగా చేసుకునేవాళ్లూ ఎక్కువే. చాలా కమ్యూనిటీ కాలేజీల్లో ఆటోమోటివ్ కోర్సులుంటాయి. పెద్ద స్పేర్ పార్టుల దుకాణాలు డిపాజిట్ తీసుకుని పనిముట్లు అరువిస్తాయి, వాడేసిన ఆయిలు తీసుకుంటాయి. అపార్ట్‌మెంటులో ఉంటే ముందు లీజు చూసుకోండి, పార్కింగులో రిపేర్లు చాలా చోట్ల నిషేధం. వృత్తిగా తీసుకోవాలనుకుంటే మెకానిక్‌లకిచ్చే ఏఎస్ఈ సర్టిఫికెట్ ఉంది, పరీక్షతో పాటు పని అనుభవం కూడా అడుగుతారు.

నాకు నలభై దాటాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పుడు రేడియోలు విప్పేవాడిని. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?

తప్పకుండా. సాఫ్ట్‌వేర్‌లో బగ్గు పట్టుకునే అలవాటు ఇక్కడ నేరుగా పనికొస్తుంది. రోజూ ఆఫీసుకు వెళ్లే కారు మీద ప్రయోగాలు వద్దు, సోమవారం పొద్దున టెన్షన్ పడతారు. కుదిరితే ఒక పాత మారుతి 800 చూసుకోండి. 1983 డిసెంబరు నుంచి 2014 దాకా వచ్చింది, 796 సీసీ, మూడు సిలిండర్లు. బానెట్ కింద చేయి పెట్టేంత చోటుంది, పార్టులు ఇంకా దొరుకుతున్నాయి, ఏ ఊరి మెకానిక్‌ను అడిగినా చెప్తాడు. కార్బురేటర్ నేర్చుకోవాలంటే పాతది, ఫ్యూయల్ ఇంజెక్షన్ కావాలంటే 2000 తర్వాతి ఎంపీఎఫ్ఐ మోడల్ చూడండి.

కొనేముందు ఆర్సీ తేదీ చూడండి. సొంత వాడకం కార్లకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. మీరుండేది ఢిల్లీ వైపైతే పాత బండ్ల మీద వేరే ఆంక్షలున్నాయి, అవి తెలుసుకున్నాకే దిగండి. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు ఆర్సీతో కలవాలి. స్టెప్నీ తీసి దాని కింద రేకు చూడండి, కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తి చూడండి. ఇంజన్ పోతే మళ్లీ కట్టుకోవచ్చు, రేకు తుప్పు తినేసిన బండిని రేకు పని చేసే టింకరింగ్ షాపుల చుట్టూ తిప్పలేక అలసిపోతారు.

ఇంటికి తెచ్చాక మొదటి ఆదివారం ఇంజన్ ఆయిలు, ఫిల్టరు మార్చండి. రెండో వారం ప్లగ్గులు విప్పి రంగు చూడండి. మూడో వారం ముందు చక్రాలు విప్పి బ్రేకు ప్యాడ్ల మందం చూడండి. బ్రేకుల పని మాత్రం మొదటిసారి అనుభవమున్న మెకానిక్ పక్కనుండగానే చేయండి. బండిని రోడ్డెక్కించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కి చూసుకోండి.